ఐ5-1235యూ ల్యాప్‌టాప్ ఉండగా కోర్ 5 120యూ మోడల్‌కు మారడం అవసరమా?

మీరు 2022లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐ5-1235యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయని, అదే మోడల్ ఇప్పుడు కోర్ 5 120యూతో వచ్చిందని, పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి మిగతా సొమ్ము వాయిదాల్లో కట్టే అవకాశం ఉందని రాశారు. బ్రౌజర్ తెరిచి ఉంచి, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పెద్ద పుస్తకం మీద పని చేస్తుంటే యంత్రం తరచూ ఆగిపోతోందన్నది మీ ఇబ్బంది. నేను విజయవాడలో పుస్తకాలకు పేజీలు కట్టే పని చేస్తాను. ఇదే ప్రాసెసర్, ఇంతే ర్యామ్ ఉన్న యంత్రంతో ఇదే సందేహం నాకూ వచ్చింది కనుక, నేను ఏమేం పరిశీలించి ఏ నిర్ణయానికి వచ్చానో వివరంగా రాస్తున్నాను. కొత్త ప్రాసెసర్ కోసమే అయితే మారవద్దనేది నా సలహా.

ముందుగా ఆ ప్రాసెసర్ సంగతి. 2022లో వచ్చిన ఐ5-1235యూలోనూ, 2023లో వచ్చిన ఐ5-1335యూలోనూ, 2024 జనవరిలో వచ్చిన కోర్ 5 120యూలోనూ ఉన్నవి అవే పది కోర్లు (లెక్కలు చేసే విభాగాలు): రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. మూడింటికీ థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు) పన్నెండే, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీ) 12 ఎంబీయే, మూల విద్యుత్ పరిమితి 15 వాట్లే. గ్రాఫిక్స్ విభాగంలోని యూనిట్లు కూడా అవే ఎనభై. మారిందల్లా గరిష్ఠ వేగం. అది మొదటిదానిలో 4.4 గిగాహెర్ట్జ్, రెండోదానిలో 4.6, మూడోదానిలో 5.0. పేరులోంచి 'ఐ' అక్షరం పోయి, అంకెలు నాలుగు నుంచి మూడుకు తగ్గేసరికి చూసేవారికి ఇది పూర్తిగా కొత్త తరంలా కనిపిస్తుంది గానీ, లోపలి నిర్మాణం దాదాపు మీ దగ్గర ఉన్నదే.

గరిష్ఠ వేగంలో ఉన్న ఆ తేడా అసలు లెక్కలోకే రాదని నేను అనను. ఇన్‌డిజైన్ చాలా పనులను ఒక్క కోర్ మీదే నడుపుతుంది కాబట్టి, తెలుగు యూనికోడ్ పాఠం నిండిన పొడవాటి అధ్యాయంలో ఒక పేరా తీసేసినప్పుడు తర్వాతి పేజీలన్నీ సర్దుకునే పని కొంత తొందరగా పూర్తవుతుంది. అయితే ఆ 5.0 అనేది ఒకటి రెండు కోర్లు కొద్దిసేపు అందుకునే వేగం మాత్రమే. పుస్తకమంతా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడో, స్కాన్ చేసిన బొమ్మలను ఫోటోషాప్‌లో వరసగా శుభ్రం చేసేటప్పుడో యంత్రం వేడెక్కి, తయారీదారు ఎంత విద్యుత్తును ఎంతసేపు అనుమతించాడో ఆ హద్దులోకి దిగివస్తుంది. ఆ స్థితిలో వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఫ్యాను, వేడిని లాగే లోహపు భాగం (హీట్‌సింక్), ల్యాప్‌టాప్ మందమే. ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య, పలుచనిదానికీ కాస్త మందమైనదానికీ ఉండే తేడా కొన్నిసార్లు ఈ రెండు తరాల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటుంది.

మరి యంత్రం ఎందుకు ఆగిపోతోంది? నా విషయంలో జవాబు టాస్క్ మేనేజర్‌లోనే దొరికింది. పని నిజంగా నత్తనడకగా సాగుతున్న సమయంలోనే పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి చూశాను. ప్రాసెసర్ వాడకం సగం కూడా లేదు. మెమరీ మాత్రం దాదాపు నిండిపోయి ఉంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని ఎస్‌ఎస్‌డీ మీదికి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. బ్రౌజర్ నుంచి ఇన్‌డిజైన్‌కు మారిన ప్రతిసారీ కలిగే ఆ నిరీక్షణ అదే. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్‌కు సాటి రాదు. పైగా ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉండదు కాబట్టి, అది కూడా ఆ 8 జీబీలోంచే వాడుకుంటుంది. ఇలాంటి యంత్రం స్థానంలో 8 జీబీతోనే కోర్ 5 120యూ తెచ్చుకుంటే ఆ నిరీక్షణ అలాగే ఉంటుంది. మీకు చూపించిన కొత్త మోడల్‌లో ర్యామ్ ఎంతో మీరు రాయలేదు. దయచేసి అది ముందు చూడండి. 16 జీబీ ఉన్నదైతే, వాడి చూసిన మొదటి రోజే 'ఎంత వేగంగా ఉందో' అనిపిస్తుంది. కానీ ఆ వేగంలో ఎక్కువ భాగం ర్యామ్ వల్ల వచ్చినదే, ర్యామ్ పెంచే వీలుంటే అది మీ పాత యంత్రంలోనూ రాబట్టుకోగలిగినదే.

నా ల్యాప్‌టాప్‌లో రెండు ర్యామ్ స్లాట్లు ఉండి ఒకటి ఖాళీగా ఉండడంతో మరో 8 జీబీ స్టిక్ (ర్యామ్ పలక) వేయించాను. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఒకే స్టిక్ ఉన్నన్నాళ్లూ డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు 'ఇంటెల్ యూహెచ్‌డీ' అని కనిపించేది. రెండోది వేసి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాక అదే చోట 'ఐరిస్ ఎక్స్ఈ' అని వచ్చింది. మెమరీ రెండు చానళ్లలో, అంటే ఒకేసారి రెండు దారుల్లో నడిస్తేనే ఇంటెల్ ఆ పేరును, ఆ స్థాయి పనితీరును ఇస్తుంది. డబ్బు పెట్టి కొన్న గ్రాఫిక్స్ సామర్థ్యంలో కొంత భాగం ఒక్క ఖాళీ స్లాటు వల్ల అన్నాళ్లూ అందకుండా ఉండిపోయిందన్న మాట. ఆ తర్వాత బొమ్మలు ఎక్కువగా ఉన్న పేజీలను పెద్దవి చేసి జరుపుతున్నప్పుడు తెర తడబడడం స్పష్టంగా తగ్గింది.

మీ యంత్రంలో ఇది సాధ్యమా కాదా అన్నదే మీ నిర్ణయానికి కీలకం. టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్నచోట ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో, ఫార్మ్ ఫ్యాక్టర్ (ర్యామ్ అమర్చిన తీరు) ఏమిటో కనిపిస్తుంది. 'సోడిమ్' అని ఉంటే తీసి మార్చగల స్టిక్. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకే సోల్డర్ చేసిన, అంటే తీయడానికి వీల్లేకుండా అతికించిన ర్యామ్. బోర్డు మీద కొంత సోల్డర్ చేసి, పక్కన ఒక స్లాటు వదిలిన మోడళ్లు కూడా ఉన్నాయి కనుక, కంపెనీ ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. మీ ప్రాసెసర్‌తో డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు రకాల ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లూ వచ్చాయి. ఒకదాని స్లాటులో రెండోది పట్టదు. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, పాత వీడియోల్లో చెప్పిన ధర చూసి బయలుదేరకుండా ఆ రోజు ధర కనుక్కోండి. అంత పెరిగినా ఒక స్టిక్ ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ఖర్చుకు దరిదాపుల్లోకి రాదు. ఆ ధరల భారం కొత్త ల్యాప్‌టాప్‌ల మీద కూడా పడుతోంది.

మూడేళ్లు దాటిన యంత్రం కనుక ర్యామ్ వేసేటప్పుడే ఫ్యాను, గాలి దారులు శుభ్రం చేయించి, థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పూత) మార్పించడం మంచిది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీస్తే, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా చార్జ్ అయ్యే సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్చుకోవచ్చు. దానికోసం ల్యాప్‌టాప్‌నే మార్చనక్కర్లేదు.

ప్రాసెసర్‌ను పక్కన పెట్టి కొత్త మోడల్‌లో మీరు నిజంగా చూడవలసినది తెర. ముఖచిత్రాలు చేసేవారికి ఇది చాలా ముఖ్యం. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాసి ఉంటుంది, అంటే తెర చూపగల రంగులు తక్కువ. ఆ తెర మీద ఎరుపు, నారింజ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, అచ్చులో ఎలా వస్తాయో అంచనా దొరకదు. మీ పాతదానిలో అటువంటి తెర ఉండి, కొత్తదానిలో పూర్తి ఎస్ఆర్‌జీబీ (మామూలుగా వాడే రంగుల ప్రమాణం) తెర ఉంటే మారడానికి అది న్యాయమైన కారణం. అప్పుడు కూడా విడిగా ఒక మంచి మానిటర్ కొనుక్కోవడమే మేలని నేను అంటాను, ఎందుకంటే అది తర్వాత వచ్చే ల్యాప్‌టాప్‌కూ పనికొస్తుంది. కొత్త మోడల్‌లో తీసేసినవి ఏమైనా ఉన్నాయేమో కూడా చూడాలి. పేరు అదే ఉంచి, ల్యాప్‌టాప్‌ను పలుచన చేసే క్రమంలో ర్యామ్ స్లాట్లను ఎత్తేసిన సందర్భాలు ఉన్నాయి.

మారక తప్పని పరిస్థితులూ ఉన్నాయి. మీ 8 జీబీ మొత్తం సోల్డర్ చేసినదై, స్లాటు అసలు లేకపోతే మీ పనికి ఆ యంత్రం ఇక చాలదు. అలాగే నాతో పనిచేసే మిత్రుడి దగ్గర ఇంటెల్ 7వ తరం ల్యాప్‌టాప్ ఉండేది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు అన్నిచోట్లా 8వ తరం గానీ ఆపైది గానీ ఉండాలి. మార్చమని నేనే ఆయనకు చెప్పాను. అయితే ఆయన కొత్త పేరున్న మోడల్ తీసుకోలేదు. కొత్తది రావడంతో ధర తగ్గించి అమ్ముతున్న ఐ5-1335యూ మోడల్‌ను 16 జీబీ ర్యామ్‌తో తీసుకున్నారు. ఇలాంటి చిన్న మార్పుల వల్ల నిజంగా లాభపడేది దుకాణంలో మిగిలిన పాత సరుకును వారంటీతో సహా తక్కువకు కొనుక్కునేవారే.

ఒకవేళ మీరు మారాలనే నిర్ణయించుకుంటే, నిజంగా తరం మారినదానికే మారండి. కోర్ అల్ట్రా పేరుతో వచ్చినవాటి నిర్మాణం వేరు. వాటిలో 2024లో వచ్చిన 200వీ వరుసకు బ్యాటరీ మన్నిక బాగుంటుంది, కానీ ర్యామ్ ప్రాసెసర్‌తోనే కలిసి ఉంటుంది కనుక కొనేటప్పుడే మీకు కావలసినంత ఎంచుకోవాలి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వైపు చూస్తే 7000 వరుసలో మూడో అంకెను గమనించండి. 7520యూలో అది 2, అంటే 2019 నాటి జెన్ 2 నిర్మాణం (జెన్ అనేది ఏఎండీ ప్రాసెసర్ తరాల పేరు). 7530యూలో 3, అంటే జెన్ 3. 7840యూలో 4, అంటే జెన్ 4. మొదటి అంకె ఒకటే అయినా లోపలి తరాలు మూడు.

ఎక్స్ఛేంజ్ గడువు దాటిపోతుందని తొందరపడకుండా, పని నెమ్మదించిన సమయంలో మెమరీ వాడకం ఎంత ఉందో, ఫార్మ్ ఫ్యాక్టర్ ఏమని చూపుతోందో, మీ తెర ఏ రకమో ఈ మూడూ చూసి రాయండి. స్లాటు ఉందని తేలితే ఏ స్టిక్ తీసుకోవాలో మీ మోడల్ నంబరును బట్టి చెబుతాను.