థాంక్స్‌గివింగ్ విందుకు మళ్లీ కార్డు గీకాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ గురువారం నాడు మాతో కలిపి ఆరు కుటుంబాలు, 22 మంది మా ఇంట్లో చేరాం. అందరం వేషాలు వేసుకున్నాం. పిల్లలు ఆ ఫొటోలు ఇప్పటికీ చూసుకుంటుంటారు. మొత్తం 1,400 డాలర్లయింది: క్యాటరింగ్ 620, సరుకులు 380, మా నలుగురి వేషాలు 240, అలంకరణ 160. అంతా 24 శాతం వడ్డీ క్రెడిట్ కార్డు మీదే. నెలకు 40 కడుతున్నా అప్పు తరగడం లేదు. ఈసారీ మా ఇంట్లోనే అనుకుంటున్నారు. మానేయమంటారా?

జవాబు: వద్దు, మానేయకండి. అత్తలూ బాబాయిలూ సముద్రం అవతల ఉన్న పిల్లలకు ఆ ఒక్కరోజు ఇల్లు నిండటం ఎంత అవసరమో నాకు తెలుసు. మానాల్సింది కార్డు గీకడం.

ముందు అప్పు సంగతి. పది నెలల్లో మీరు 400 డాలర్లు కట్టారు. తగ్గింది మాత్రం 130. మిగతాదంతా వడ్డీకే పోయింది. ఇలాగే 40 చొప్పున కడితే ఇంకో నాలుగేళ్లకు పైగా పడుతుంది. ఈ నెల నుంచి 125 కట్టండి, వచ్చే ఏడాది పండగకి ముందే తీరిపోతుంది. కొన్ని నెలలపాటు వడ్డీ వేయని కార్డుకి ఈ అప్పు మార్చుకోవచ్చు గానీ, ముందుగానే ఫీజు పట్టుకుంటారు. ఆ గడువులోపు తీర్చగలమన్న నమ్మకం ఉంటేనే అటు వెళ్లండి.

ఇక విందు. పోయినసారి వచ్చినవాళ్లు “ఏం తెమ్మంటారు?” అని అడిగే ఉంటారు. మీరు “ఏమీ వద్దు, మీరు రండి చాలు” అని ఉంటారు. ఆ మొహమాటం దగ్గరే 620 డాలర్లు పోయాయి. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్తే ఉసిరిచెట్టు కింద తలా ఒక గిన్నె విప్పుకుని తినేవాళ్లం కదా, ఎవరైనా తప్పు పట్టారా? అమెరికన్ల ఇళ్లలోనూ ఈ పండగకి ఎవరి వంట వాళ్లు పట్టుకెళ్లడం మామూలే. కాబట్టి ఈ ఆదివారమే గ్రూప్‌లో పేరుపేరునా పెట్టండి: ఒకరికి పులిహోర, ఒకరికి గుత్తివంకాయ, ఒకరికి దద్దోజనం, ఇలా ఇంటికో వంట. “ఒక సగం ట్రే” అని కొలత కూడా చెప్పండి. చెప్పకపోతే మూడిళ్ల నుంచి మూడు స్వీటు డబ్బాలొస్తాయి, కూర ఉండదు. టర్కీ కోడి, అన్నం, పప్పు మీవి. నవంబర్‌లో కొట్లవాళ్లు టర్కీని బాగా తగ్గించి అమ్ముతారు. సగం మంది ముట్టరు కాబట్టి 14 పౌండ్లది చాలు. మీ వాటా అంతా 200 డాలర్లలో తేలాలి. ఆ డబ్బు ఇప్పటి నుంచే జీతం పడ్డప్పుడల్లా 50 చొప్పున తీసి కవర్లో పెట్టుకోండి.

వేషాలకు నా సలహా: ఏమీ కొనకండి. హాలోవీన్ మర్నాడు దుకాణాల్లో సగం ధరకి వస్తాయి, అయినా అవసరం లేదు. అమెరికా మూలవాసుల్లా ఈకల కిరీటాలైతే అసలే వద్దు. 1970 నుంచి వాంపనోగ్ అనే తెగవాళ్లూ ఇతర మూలవాసులూ ఇదే రోజున మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో, వలస వచ్చినవాళ్ల వల్ల పోగొట్టుకున్న మనుషులనీ నేలనీ తలచుకుని సంతాపదినం పాటిస్తున్నారు. వాళ్ల దుఃఖం మన ఫొటోలకు వేషం కాకూడదు. బదులుగా ఈసారి వేషం “అమ్మమ్మ, తాతయ్య” అని పెట్టండి. మా బంధువుల ఇంట్లో ఏడేళ్ల పాప అలాగే తయారైంది: వాళ్లమ్మ నేతచీర సగానికి మడిచి కట్టారు, జుట్టుకి పౌడరు రాసి ముడి వేశారు, ముక్కు మీదికి జారే అద్దాల్లేని కళ్లజోడు. వీడియో కాల్‌లో చూసిన అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేకపోయారు. అయిన ఖర్చు గుప్పెడు పౌడరు. అలంకరణకీ అంతే, ఇంట్లో ఉన్న పాత ఫొటోలు గోడకి అతికించండి.

ఒక్క జాగ్రత్త. ఆ టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి మూడు రోజులకు పైనే పడుతుంది. ఆదివారం రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి, లోతైన పళ్లెంలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలోకి దించండి. గురువారం పొద్దున అది రాయిలా ఉంటే చేయి మళ్లీ క్యాటరింగ్ నంబర్ మీదికే పోతుంది.