జీతం ఎవరిస్తారో ముందు రాయి

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. ఓ చిన్న దేశం, దాని సైన్యానికి తర్ఫీదు ఇవ్వడానికి రాబోయే విదేశీ అధికారులు, షరతుల మీద చర్చలు. విషయం బాగుంది. చర్చలే బాగాలేవు. రెండు పక్షాలూ స్నేహం గురించి, సార్వభౌమత్వం గురించి ఉపన్యాసాలు ఇచ్చుకుని సంతకాలు పెట్టేశాయి. అలా ఎక్కడా జరగదమ్మా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనో విదేశీ ఇంజనీర్ల ఒప్పందం టైపు చేశాను. యంత్రాల సంగతి అరపూటలో తేలిపోయింది. వాళ్ళ సామాను తిరుగు ఓడలో పంపే ఖర్చు ఎవరిదన్న పేరా దగ్గర మాత్రం మూడు రోజులు పట్టింది. ఆ ఒక్క పేరా ఏడుసార్లు కొట్టాను. కార్బన్ కాగితాల మరకలు అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళకి ఉండేవి. నువ్వు రాయాల్సింది ఆ మూడు రోజులు.

ముందు జీతం సంగతి. మన వైపు కథే చూడు. హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్‌కి అండగా ఉన్న ఫ్రెంచి సైన్యానికి జీతాలు సరిగా అందడం లేదు. 1753లో వాళ్ళ సేనాని బుస్సీ ఆ ఖర్చుల కింద శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లను, అంటే అప్పటి జిల్లాలను, రాయించుకున్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి శిస్తు వసూలుకి వచ్చిన ఆ సైన్యమే బొబ్బిలి కోట ముందు నిలబడింది. అదే 1757లో విశాఖలో ఇంగ్లీషువాళ్ళ స్థావరమూ బుస్సీ చేతికి చిక్కింది. బొబ్బిలి అనగానే మనకి తాండ్ర పాపారాయుడి కత్తి గుర్తొస్తుంది. జీతాల బకాయి ఎవరికి గుర్తొస్తుంది?

తర్వాత ‘సలహా’ అనే మాట. 1913లో జర్మన్ జనరల్ లీమాన్ ఫాన్ సాండర్స్ టర్కీ సైన్యాన్ని తీర్చిదిద్దడానికి ఐదేళ్ళ ఒప్పందం మీద దాని అప్పటి రాజధాని ఇస్తాంబుల్ వెళ్ళాడు. సలహాలు చెప్పి ఊరుకునే ఉద్యోగమైతే అంత గొడవ అయ్యేది కాదు. ఆ రాజధానిలో ఉన్న పెద్ద సైనిక దళం, మొదటి కోర్‌కి ఆయన్నే అధిపతిని చేశారు. రష్యా భగ్గుమంది. వెనక్కి తగ్గామని ఒప్పుకోకుండా జర్మనీ ఏం చేసిందో తెలుసా? ఆయనకి ప్రమోషన్ ఇచ్చింది! ఆ హోదాకి కోర్ మరీ చిన్నదైపోయింది కాబట్టి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా మార్చారు. ఇంత హాస్యం మనం కల్పించలేం.

ఇక కేసులు. 1964లో ఇరాన్, అమెరికన్ సైనిక సలహాదారులకీ వాళ్ళ కుటుంబాలకీ తన కోర్టుల నుంచి మినహాయింపు ఇచ్చింది. దాన్ని దుయ్యబట్టిన మతనాయకుడు ఖొమేనీని దేశం దాటించారు. నీ కథలో అధికారి జీపు ఓ కూరగాయల బండిని గుద్దిందనుకో. స్టేషన్‌లో ఎస్సై ఏం చేయాలి? ఆ టెన్షన్ సంతకాల రోజే గదిలో ఉండాలి.

ఇంకోటి, నీ చర్చల గదిలో దుబాసీ లేడు. ‘సలహా’ని ఒక భాషలో మెత్తగా, ఇంకో భాషలో గట్టిగా పలికేది వాడే. వాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ రాసి తీసుకురా. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఉంటాను. మురీ మిక్చర్ డబ్బులు మాత్రం నీవే, ముందే చెబుతున్నా.

మీ మాస్టారు