అత్తగారిని ఇంటికి తెచ్చే ముందు

అమ్మడూ,

మీ అత్తగారికి రేపే డిశ్చార్జ్ అని నిన్న రాత్రి నువ్వు చెప్పగానే నాకు మా అత్తగారి సంగతే గుర్తొచ్చింది. ఆవిడకీ ఇదే తుంటి ఆపరేషన్. మూడో రోజే తీసుకెళ్లిపోమన్నారు, మేమూ సంతోషంగా తలూపేశాం. నరసన్నపేట దాకా కారు కుదుపులకి మూలుగుతూనే ఉంది. ఇంటికొచ్చాక గానీ తెలీలేదు, ఆవిడని మంచం మీంచి లేపడం మాలో ఎవరికీ రాదని. యూరిన్ పైపు తీశాక మూత్రానికి వెళ్లిందా అని కూడా ఎవరం అడగలేదు. వెళ్లలేదు. అర్ధరాత్రి పొట్ట ఉబ్బిపోయి మళ్లీ ఆసుపత్రికి పరుగు.

అందుకే రేపు పొద్దున్నే బిల్లు కౌంటరుకి వెళ్లకు. డాక్టరు రౌండ్స్‌కొచ్చే వేళకి మంచం దగ్గరుండు. మీ ఆయన్నీ ఉండమను. మగాడు పక్కనుంటే జవాబు ఇంకోలా వస్తుంది, ఏం చేస్తాం.

ఇంకో రెండు రోజులు ఉంచమని బతిమాలితే ఎవరూ వినరు. "ఒక్కసారి వాకర్‌తో నిలబెట్టి చూపించండి" అను. ఫిజియో లేపుతుంటే సెల్‌లో వీడియో తీసుకో. నిలబడలేకపోయినా, జ్వరమున్నా, కట్టు తడుస్తున్నా, మీ మావగారిని కూడా పోల్చుకోలేక రాత్రంతా ఏదో మాట్లాడుతున్నా డాక్టరుకి చెప్పు. ఇవన్నీ చూసే పంపుతున్నామని కేసు షీటులో రాయమని అడుగు. రాయమనేసరికి ఇంకోసారి పరీక్షగా చూస్తారు.

ఒక కాగితం సంగతి మాత్రం జాగ్రత్త. "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అని ఉంటుంది. పంపేది వాళ్లయినప్పుడు నువ్వు దానిమీద సంతకం పెట్టకూడదు. హడావిడిలో పెన్ను చేతికిచ్చేస్తారు, చదువుకో.

మీది ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద కేసే కదా. ఆ పథకం ఇచ్చే ప్యాకేజీ అయిపోయిందంటే ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్రని కలువు, తేలకపోతే 104కి ఫోన్ చెయ్యి. ఇంటికెళ్లాక పది రోజుల మందులు కూడా ఆ ప్యాకేజీలోవే, బయట కొనకు.

డిశ్చార్జ్ కాగితంలో మూడు విషయాలు చూడు: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్నాళ్లు, కాలు మీద ఎంత బరువు మోపొచ్చు, కుట్లు ఎప్పుడు తీస్తారు. ఇంజెక్షనయితే ఊళ్లో ఎవరు చేస్తారో ఇవాళే మాట్లాడుకో.

ఇంట్లో నులక మంచం వద్దు. కుంగిపోతుంది, లేవడం కష్టం. చెక్క మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యండి. పెరట్లో దొడ్డికి నడిపించి కింద కూర్చోబెట్టొద్దు, కమోడ్ కుర్చీ తెచ్చి గదిలోనే వెయ్యండి. ఆవిడ సిగ్గుపడుతుంది, మా అత్తగారయితే రెండ్రోజులు అన్నమే మానేసింది. నీళ్లు తాగడం తగ్గిస్తోందేమో కనిపెట్టు. పిక్క వాచి నొప్పెడితే ఆ రోజే డాక్టరుకి చూపించు. ఉన్నట్టుండి ఆయాసమొస్తే ఎవర్నీ అడగకు, 108కి చెయ్యి.

తొలి బస్సుకి విజయనగరంలో బయల్దేరుతున్నా. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి నేరుగా వార్డుకే వస్తా. ఈలోగా ఎవరు తొందరపెట్టినా సామాను సర్దకు.

మీ పెద్దమ్మ