విత్తు చల్లే చేతికి ‘నాటడం’ సరిపోతుందా?

సందేహం: ప్రదర్శనలో వాన్ గో ‘విత్తేవాడు’ చిత్రం నకలు కింద ‘వసంతంలో విత్తనాలు నాటుతున్న రైతు, ప్రకృతి పునరుద్ధరణకు ప్రతీక’ అని రాశాం. ‘నాటుతున్న’ తప్పని ఒకరన్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: నిజమే. బొమ్మలో రైతు నడుస్తూ గింజలు విసురుతున్నాడు. అది చల్లడం, వెదజల్లడం. నాటేది నారును, మొక్కను, గుంజను. వరిలో రెండు పనులూ ఉన్నాయి: నారుమడిలో మొలకగింజ చల్లుతారు, 21–25 రోజులకు నారు పీకి పొలంలో నాటుతారు. పత్తిగింజలా ఒక్కొక్కటే గుచ్చేచోట ‘విత్తనం నాటడం’ చెల్లుతుంది.

చిత్తూరు చేలల్లో శెనక్కాయ దారి వేరు: గింజను సాళ్ళలో వేస్తారు. వర్షాధారపు పైరులో సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, గింజకూ గింజకూ 10, లోతు సుమారు 5 ఉండాలి. చల్లితే పైనున్నవి ఎండిపోతాయి, పిట్టల పాలవుతాయి; తర్వాత అంతరకృషికి సాళ్ళుండవు. అందుకే అక్కడ ‘విత్తనమేసినాము’ అంటారు. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అన్న సామెతలోనూ ఆ క్రియే. ‘విత్తు’ మాత్రం అన్ని పద్ధతులకూ సరిపోతుంది. పొరుగున కన్నడ ‘బిత్తు’, తమిళ ‘విత్తు’ దాని తోబుట్టువులు.

మీరు అడగలేదు గానీ, ‘నాటుతున్న’ కంటే పెద్ద పొరపాటు ‘వసంతం’. వాన్ గో ఈ చిత్రాన్ని 1888 జూన్‌లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేశాడు (నవంబరులో వేసినది వేరే చిత్రం). విత్తేవాడి వెనక పండిన గోధుమచేను నిలిచి ఉంది. విత్తూ పంటా ఒకే చట్రంలో కనిపిస్తున్నాయంటే ఇది ఏ ఒక్క ఋతువు బొమ్మా కాదు. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1850లో వేసిన విత్తేవాడి నడకను తీసుకుని, ఊదా నేలకు ఎదురుగా పసుపు ఆకాశం పెట్టాడు. విత్తేవాడూ, కోసి కట్టిన పైరు పనా అనంతం కోసం పడే ఆరాటానికి ప్రతీకలని స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు. అంత అర్థాన్ని ‘వసంతం’ కుదించేస్తుంది. పైగా తిరుమలలో చైత్రమాసపు వసంతోత్సవం ఎండ తాపం తీర్చే వేడుక. మనకు విత్తు రోజులు జ్యేష్ఠ పున్నమి ఏరువాకతో మొదలు. ‘వసంతం’ అన్న మాటను ఫ్రాన్స్ పొలానికి అంటించడమూ సరికాదు.

‘పునరుద్ధరణ’ ఎవరో పూనుకుని చేసేది: పాత గుడిని, పూడిన చెరువును, ఆగిన కరెంటును. ప్రకృతి తనంతట తానే చిగురిస్తుంది. ‘ప్రతీక’ను మార్చకండి, ‘చిహ్నం’ వట్టి గుర్తు. ఇలా రాయండి: ‘విత్తు చల్లుతున్న రైతు. మళ్ళీ మళ్ళీ వచ్చే పంటకాలానికి ప్రతీక.’