మిస్ వరల్డ్ పోటీ అసలు ఎలా మొదలైంది?

2025 మేలో హైదరాబాద్‌లో జరిగిన ఈ పోటీకి వచ్చిన అమ్మాయిలు కొందరు మా పాలమూరు (మహబూబ్‌నగర్)లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు చూడటానికి వచ్చారు కదా, అప్పటి నుంచి ఇక్కడ చాలామంది ఈ ప్రశ్న అడుగుతున్నారు.

1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ ఉత్సవాలప్పుడు లండన్‌లో ఎరిక్ మోర్లీ అనే ఆయన దీన్ని బికినీ పోటీగా పెట్టాడు. మిస్ వరల్డ్ అనే పేరు పేపర్లవాళ్లు పెట్టిందే. మొదటి విజేత, స్వీడన్ అమ్మాయి కికి హాకన్సన్, బికినీలోనే కిరీటం పెట్టుకుంది, దాంతో పెద్ద గొడవైంది.

మన దేశానికి మొదటి కిరీటం 1966లో రీటా ఫారియా తెచ్చింది. అప్పుడామె మెడిసిన్ చదువుతోంది, గెలిచి ఏడాది గడిచాక గ్లామర్ ప్రపంచాన్ని వదిలేసి మళ్లీ పుస్తకాలు పట్టుకుని డాక్టరైంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే, మన ఆడపిల్లలకు కచ్చితంగా చెప్పాలి.

వ్యతిరేకత కూడా తక్కువేం కాదు. 1970లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో పోటీ నడుస్తుండగానే మహిళా ఉద్యమకారులు పిండి పొట్లాలు విసిరారు, 1996లో బెంగళూరులో జరిగినప్పుడు నిరసనల వల్ల స్విమ్‌సూట్ రౌండ్‌ను సీషెల్స్ దీవుల దేశానికి మార్చారు. తర్వాత ఆ రౌండే తీసేశారు, మంచి పనే. హైదరాబాద్‌లో జరిగింది 72వ పోటీ, థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా గెలిచింది.