మూడో సీలు కొనే ముందు

అల్లుడా,

మీ రైస్ మిల్లులో వడ్ల పొట్టు తీసే షెల్లర్ గేర్ బాక్స్ నుంచి ఆయిల్ కారుతోందని, నెలలో రెండుసార్లు షాఫ్ట్ (తిరిగే ఇరుసు) చుట్టూ ఉండే రబ్బరు సీలు మార్చినా ఆగలేదని నిన్న ఫోన్‌లో చెప్పావు. మిల్లు చప్పుడులో నాకు సగమే వినపడింది, నేను చెప్పింది నీకు అదీ వినపడి ఉండదు. అందుకే రాస్తున్నా. సీజన్ మధ్యలో, మిర్యాలగూడ రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు వరుసకట్టి నిలబడ్డప్పుడు షెల్లర్ ఆపాలంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. మిల్లు ఓనరు సేటు గొణుగుడూ తెలుసు. అయినా మూడో సీలు అప్పుడే కొనకు. తీసేసిన ఆ రెండు సీళ్లు ఎక్కడ పడేశావో ముందు అవి వెతుకు.

సీలు అంటే ఆయిల్‌ని ఆపే గోడ అని నువ్వు అనుకుంటున్నావు. నేనూ చాలా ఏళ్లు అట్లనే అనుకున్నా. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు సీలు లిప్‌కూ, అంటే దాని లోపలి అంచుకూ, షాఫ్ట్‌కూ మధ్య వెంట్రుకకన్నా పలచగా ఒక ఆయిల్ పొర ఉంటుంది. లిప్ దాని మీదే జారుతుంది. రాపిడికి పుట్టిన వేడిని లోపలికి లాగేసేదీ ఆ ఆయిలే. పొర ఆరిపోయిందంటే రబ్బరు మాడి, గట్టిపడి, పగులుతుంది. ఇక ఆ పగుళ్ల నుంచి కారడం మొదలు. అంటే లోపల ఆయిల్ తక్కువైనా సీలు కారుతుంది. ఈ మాట సేటుకు చెప్తే నవ్వుతాడు, నువ్వు మాత్రం నవ్వకు.

ఇప్పుడు పాత సీళ్లు చూడు. లిప్ నల్లగా గట్టిపడి, వేలితో వంచితే పగుళ్లు కనిపిస్తే అది వేడికి పోయింది, లేదా ఎండిపోయి నడిచింది. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల దాకానే, ఆపైన తట్టుకోదు. లిప్ దగ్గర వేడి గేర్ బాక్స్ ఆయిల్ వేడికన్నా ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. లిప్ ఉబ్బి మెత్తబడితే ఆ రబ్బరుకు పడని ఆయిల్ పోశారన్నమాట. ఒకే చోట కత్తితో కోసినట్టు గాటు ఉంటే తప్పు నీదే, ఎక్కించేటప్పుడు కీవే, అంటే షాఫ్ట్ మీద తాళం ముక్క కూర్చునే గాడి, దాని అంచు తగిలింది. ఒక పక్క వెడల్పుగా అరిగి, ఎదురు పక్క కొత్తదానిలా ఉంటే సీలు వంకరగా కూర్చుంది, లేదంటే షాఫ్ట్ సెంటర్ తప్పింది. బేరింగ్ పోయి షాఫ్ట్ ఊగుతుంటే ఎంత ఖరీదైన సీలు వేసినా దండగే.

ఇక షాఫ్ట్. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి నీ జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టు. లిప్ ఆనే చోట షాఫ్ట్ పొడవునా గోరు జరిపి చూడు. గోరు ఎక్కడన్నా తట్టుకుంటే అక్కడ గాడి పడ్డట్టే. ఊక దుమ్ము లిప్ కింద చేరి ఉప్పుకాగితంలా ఇనుమును తినేస్తుంది. రబ్బరు ఇనుమును అరగదీస్తుందా అని నమ్మరు చాలామంది. గాడి ఉన్న షాఫ్ట్ మీద కొత్త సీలు వేస్తే నాలుగు రోజులే. సీలు కూర్చునే హౌసింగ్‌లో చోటు ఉంటే వెనక ఒక రింగు పెట్టి సీలును రెండు మిల్లీమీటర్లు జరుపు, లిప్ కొత్త చోట ఆనుతుంది. చోటు లేకపోతే షాఫ్ట్ మీద సన్నటి స్లీవ్, అంటే పలచటి ఇనుప తొడుగు, ఎక్కించు. వెల్డింగ్ నింపి లేత్ మీద తిప్పించి తెస్తే మాత్రం జాగ్రత్త. లేత్ టూల్ వదిలిన గీతలు మర చుట్టలా ఉంటాయి, షాఫ్ట్ తిరుగుతుంటే ఆయిల్‌ని బయటికి తోడేస్తాయి. అక్కడ గ్రైండింగ్ చేయించాల్సిందే. ఎమ్రీ కాగితం పట్టినా షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ పట్టాలి, పొడవునా గీకొద్దు.

నా సంగతి ఒకటి చెప్తా. నేను కొత్తగా చేరిన మిల్లులో వడ్లు పైకెత్తే ఎలివేటర్ గేర్ బాక్స్ ఇట్లనే కారేది. మూడు సీళ్లు మార్చా, మూడోది మార్చిన సాయంత్రమే మళ్లీ కింద మడుగు. మా ఉస్తాద్ వచ్చి సీలు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గేర్ బాక్స్ పైన ఉన్న బ్రీదర్‌ని, అంటే లోపలి గాలి బయటికి పోయే చిల్లి ఉన్న బిరడాని, స్పానర్‌తో రెండు చుట్లు వదులు చేశాడు. బుస్సుమని గాలి వచ్చింది. తవుడు, దుమ్ము, ఆయిల్ కలిసి దాని చిల్లిని సిమెంటులా మూసేశాయి. ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి పెరుగుతుంది, దానికి వేరే దారి లేక సీలు లిప్‌ని లేపి ఆయిల్‌తో సహా బయటికి వస్తోంది. బ్రీదర్‌ని డీజిల్‌లో కడిగి బిగించాడు, అంతే. నాకు మాత్రం వారం రోజులు టీ పోయించాడు. నీ షెల్లర్ దగ్గర దుమ్ము అంతకన్నా ఎక్కువ కాబట్టి నా అనుమానం ముందు బ్రీదర్ మీదే.

ఆయిల్ ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం ఇంకో జబ్బు. లెవెల్ దాటితే గేర్లు దాన్ని కవ్వంలా చిలుకుతాయి, నురగ వస్తుంది, వేడి పెరుగుతుంది, సీలు మీద భారం పడుతుంది. మిషన్ ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి లెవెల్ చూడు.

ఎక్కించేటప్పుడు స్ప్రింగ్ కనిపించే వైపు ఆయిల్ వైపుకి ఉండాలి. లిప్‌కి అదే ఆయిల్ పూసి ఎక్కించు, పొడిగా వేస్తే మిషన్ స్టార్ట్ చేయగానే కాలుతుంది. కీవే మీద టేపు చుట్టు. సుత్తెతో ఒక మూల కొట్టకు, సీలు సైజు పైపు ముక్క పెట్టి నాలుగు వైపులా సమంగా దింపు. షెల్లర్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. కారిన ఆయిల్ వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్ల మీద పడితే రోళ్లు పాడవుతాయి, బియ్యానికి వాసన పడుతుంది.

దామరచర్ల కరెంటు ప్లాంటులో పని దొరికితే పోదామా అని అడిగావు కదా. పో. అక్కడ ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు, అలాంటివి ఐదు. అంత పెద్ద జనరేటర్ల లోపల చల్లదనానికి హైడ్రోజన్ నింపుతారు. అది గాలికన్నా 14 రెట్లు తేలిక, వేడిని ఏడు రెట్లు బాగా లాగుతుంది. కానీ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా నిప్పు తగిలితే అంటుకుంటుంది, పేలే ప్రమాదమూ ఉంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే షాఫ్ట్ పక్క నుంచి దాన్ని బయటికి రానివ్వకుండా ఆపేది రబ్బరు కాదు, ఆయిలే. షాఫ్ట్ చుట్టూ రింగులు పెట్టి, గ్యాసు కన్నా కొంచెం ఎక్కువ ప్రెషర్‌తో ఆయిల్ పంపుతారు. అదే మూత, అదే చల్లదనం. కరెంటు పోయినా ఆ ఆయిల్ ఆగకూడదని బ్యాటరీ మీద నడిచే ఇంకో పంపు ఉంచుతారు. నీ షెల్లర్ సీలు లిప్ కింద ఉన్న పొరే అక్కడ ఇంకా పెద్దదైందనుకో. ఇక్కడ ఇది అర్థమైతే అక్కడ నీకు భయం ఉండదు.

ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు ఆ రెండు సీళ్లు కాగితంలో చుట్టుకొని రా. మీ అమ్మ చూసి కడిగిస్తానంటుంది, కడగనివ్వకు. దుమ్ము, ఆయిల్ ఎట్లా ఉన్నవి అట్లనే నాకు కావాలి.

మీ మామ