రష్ మళ్లీ కెనడా అంతా తిరుగుతుందా? నన్నడిగితే రెడ్ డీర్ కథ చెబుతాను

"సస్కటూన్‌లో ఉంటాను. టొరంటో రాక్ బ్యాండ్ రష్ ఇన్నేళ్లకి మళ్లీ రోడ్డెక్కుతోంది కదా, ఈసారి పాత రోజుల్లోలా కెనడా అంతా తిరుగుతారా? మా ఊరి దాకా వస్తారా, లేక టొరంటోకి విమానం టికెట్ కొనేయమంటారా?" ఇదీ నాకొచ్చిన ప్రశ్న.

కొనేయండి. ధర పెరగకముందే కొనేయండి. మీకు కావలసిన జవాబు ఇంతే, పనుంటే ఇక్కడితో వెళ్లిపోవచ్చు. ఇక మీదటంతా నా గోడు.

2025 అక్టోబరులో రష్‌లో మిగిలిన ఇద్దరు, గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్, టూర్ ప్రకటించిన రోజు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోను బల్ల కింద పెట్టుకుని చదివాను. మొదటి జాబితాలో 7 ఊళ్లు. లాస్ ఏంజెలెస్, మెక్సికో సిటీ, ఫోర్ట్ వర్త్, షికాగో, న్యూయార్క్, క్లీవ్‌లాండ్. మన తరఫున టొరంటో ఒక్కటే. పుట్టింటి వాళ్లు పేరంటానికి పిలవడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది. తర్వాత షోలు కలుపుతూ పోయారు, కాదనను. కానీ సస్కటూన్, రెజైనా, హాలిఫాక్స్ లాంటి ఊళ్లని వెతుక్కుంటూ వచ్చే టూర్ కాదిది. ఇద్దరూ 1953లో పుట్టినవాళ్లు. లైఫ్‌సన్‌కి కీళ్ల జబ్బు ఉందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ చేతులతో వారానికి నాలుగు ఊళ్లు తిరగమనడానికి మనకి నోరెలా వస్తుంది?

వయసు ఒక్కటే కారణం అనుకోకండి. కుర్రాళ్ల బ్యాండ్లయినా అంతే చేస్తున్నాయి. విన్నిపెగ్ నుంచి టొరంటోకి రోడ్డు మీద దాదాపు 2,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కడితో ఆగకుండా ఇంకా పోవాలన్నమాట. దారి పొడవునా చెట్లు, చెరువులు, మధ్యలో థండర్ బే లాంటి ఒకటీ అరా ఊళ్లు. స్టేజీ సామాను మోసే లారీలు, సిబ్బంది బస్సులు, హోటళ్లు, అన్నిటికీ రోజు లెక్కన డబ్బు కడుతూ అంత దూరం ఖాళీగా నడపాలి. అమెరికా తూర్పు తీరంలో అదే దూరంలో పది షోలు కొట్టుకోవచ్చు. పైగా కెనడా మొత్తం జనాభా కలిపినా మన ఆంధ్రప్రదేశ్ అంత లేదు. 2012, 2013 ప్రాంతంలో కెనడా డాలరు అమెరికా డాలరుతో ఇంచుమించు సమానంగా ఉండేది. ఇప్పుడు 70 సెంట్లకి అటూ ఇటూ. ఖర్చులు అమెరికా డాలర్లలో, వసూళ్లు మన డాలర్లలో అయితే ఏ ప్రమోటరు ఒప్పుకుంటాడు? నన్నడిగితే బ్యాండ్లు ఊళ్లు తిరగడం మానేసింది డాలరు పడిపోయిన రోజునే. దీనికి నా దగ్గర ఆధారం ఏమిటని అడక్కండి, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ షోల జాబితాలు చూస్తున్న అనుభవం.

మా కాల్గరీ వాళ్ల కష్టం ఇంకొకటుంది, అది మా పైకప్పు. సాడిల్‌డోమ్ 1983లో కట్టారు, పేరుకి తగ్గట్టే కప్పు గుర్రపు జీనులా మధ్యలో వంగి ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ఇప్పటి షోల లైట్లు, స్పీకర్లు, తెరలు వేలాడదీస్తే ఆ బరువు మోయలేదు. అందుకని పెద్ద షోలు మమ్మల్ని దాటేసి ఎడ్మంటన్ వెళ్లిపోతాయి. మేం 300 కిలోమీటర్లు కారు తోలుకుంటూ వెళ్లి, షో చూసి, తెల్లవారుజామున వచ్చి ఆఫీసులో కునికిపాట్లు పడతాం. కొత్త అరీనా కడుతున్నారు, 2027లో తెరుస్తామంటున్నారు. చూద్దాం.

సరే, అసలు చెప్పాలనుకున్నది రెడ్ డీర్ గురించి.

2013 జూన్‌లో కాల్గరీలో వరద వచ్చింది. బో, ఎల్బో నదులు రెండూ పొంగి ఊరి నడిబొడ్డు మునిగింది. సాడిల్‌డోమ్ లోపల హాకీ ఆడే చోట చెరువు నిలిచింది, కింది వరసల కుర్చీలు నీళ్లలో ఉన్నాయి. జులై 24న అక్కడ జరగాల్సిన రష్ షో మునిగినట్టేనని అందరం అనుకున్నాం. ఇంకే బ్యాండయినా సారీ చెప్పి వెళ్లిపోయేదే. వీళ్లు అదే తేదీకి షోని రెడ్ డీర్‌కి మార్చారు, వసూళ్లు వరద సహాయానికి ఇచ్చేశారు.

రెడ్ డీర్ అంటే కాల్గరీకీ ఎడ్మంటన్‌కీ సరిగ్గా మధ్యలో ఉండే ఊరు. మామూలుగా అక్కడ మనం చేసేది రెండే పనులు, పెట్రోలు కొట్టించుకోవడం, కాఫీ తాగడం. అక్కడి సెంట్రియం అనే హాల్లో ఊరి జూనియర్ టీమ్ హాకీ ఆడుతుంది. ఏడు వేల మంది పడతారేమో. సాడిల్‌డోమ్‌లో పట్టేవాళ్లలో సగం కూడా కాదు. కాబట్టి టికెట్ల కోసం తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మా ఆఫీసులో ఒకాయన భార్యకి ఒంట్లో బాగోలేక రెండు టికెట్లు కొన్న ధరకే ఇచ్చాడు. రూపాయి ఎక్కువ అడగలేదు. ఈ రోజుల్లో అయితే ఆ టికెట్లు రీసేల్‌లో నాలుగింతలకి పెట్టేవాళ్లు, మళ్లీ దాని మీద సర్వీస్ ఫీజు ఒకటి. ఏం సర్వీసు చేశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రెండో టికెట్ ఎవరికి? నా భార్య రానంది. ఫ్రెండ్సు "రాక్ అంటే అరుపులే కదరా" అన్నారు. అప్పుడు మా నాన్నగారు అమలాపురం నుంచి వచ్చి మూడు నెలలుగా మా ఇంట్లో ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. శ్రీరామనవమి పందిళ్లలో, భజనల్లో నలభై ఏళ్లు మృదంగం వాయించిన మనిషి. కాల్గరీలో ఆయనకి పొద్దు గడవక పొద్దున్నే వంటింటి బల్ల మీద వేళ్లతో వాయించుకుంటూ ఉండేవారు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఆయన్ని రాక్ షోకి తీసుకెళ్లడమేమిటని మా ఆవిడ నవ్వింది. "ఎవరో డ్రమ్ములు బాగా వాయిస్తాడన్నావు కదరా, పద" అని ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

దారిలో రెండు పక్కలా పసుప్పచ్చగా విరగబూసిన పొలాలు. "ఇదంతా ఆవేనా?" అన్నారు. కనోలా అని, ఆవకి దాయాది అని చెప్పాను. కారులో రష్ వాళ్ల వై వై జెడ్ అనే పాట పెట్టాను. పాట అంటే మాటలుండవు, అంతా వాయిద్యమే. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. నేను మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు పెట్టెకి అంటించిన కాగితం మీద ఆ మూడు అక్షరాలు చూసి, కన్వేయర్ పక్కన పిచ్చివాడిలా నవ్వుకున్నాను. వరంగల్ హాస్టల్లో ల్యాన్‌లో ఎవడో పెట్టిన ఫోల్డర్లో ఆ పేరు చూసి ఐదేళ్లు అర్థం తెలియకుండా విన్నాను మరి.

ఆ పాట మొదట్లో వచ్చే దరువు ఆ మూడు అక్షరాల మోర్స్ కోడేనని, అంటే టెలిగ్రాంలో వాడే గీతలు, చుక్కలేనని నాన్నగారికి చెప్పాను. టెలిగ్రాం కాలం మనిషి కదా, వెంటనే కూర్చున్నచోటే సర్దుకుని "మళ్లీ వెయ్యి" అన్నారు. మూడుసార్లు వేయించారు. గీతకి రెండు, చుక్కకి ఒకటి చొప్పున తొడ మీద లెక్కపెట్టారు. "ఏడు. ఇంకో ఏడు. తర్వాత ఆరు. మొత్తం ఇరవై. ఇరవై అంటే ఐదు నాలుగులు. ఖండ జాతి ఏక తాళంలో కూర్చుందిరా ఇది!" అని, తాళం వేస్తూ మిగతా పాటంతా విన్నారు. పదేళ్లుగా నేను వింటున్న పాట. అందులో ఇరవై ఉందని నాకు ఏనాడూ తట్టలేదు.

హాల్లో మా పక్క సీట్లో గడ్డం, టోపీ పెట్టుకున్న భారీ మనిషి, చేతులు చూస్తే పొలం పని చేసేవాడిలా ఉన్నాడు. నాన్నగారు జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకోవడం చూసి, తన దగ్గరున్న ఇయర్ ప్లగ్స్ ప్యాకెట్ ఇచ్చాడు. "మొదటిసారా సార్?" అని అడిగాడు. నాన్నగారు "డ్రమ్సా? ఫార్టీ ఇయర్స్" అన్నారు. వాడు ఒక్క క్షణం ఆగి, లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు.

ఆ టూర్‌లో బ్యాండ్ వెనకాల వయొలిన్లు, చెల్లోలు వాయించే బృందం కూడా ఉండేది. వయొలిన్లు కనబడగానే నాన్నగారి మొహం విచ్చుకుంది, తనకి తెలిసిన చుట్టం ఒకరు పెళ్లిలో కనబడ్డట్టు. రష్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ అంతకుముందు టూర్లలో ఒకటే పొడుగాటి డ్రమ్ సోలో చేసేవాడు. ఈ టూర్‌లో దాన్ని మూడు చిన్న ముక్కలు చేసి అక్కడక్కడా వాయించాడు. మొదటి ముక్క అవగానే నాన్నగారు నా చెవి దగ్గరకొచ్చి "తని ఆవర్తనం ముక్కలు చేసి వడ్డిస్తున్నాడేమిట్రా?" అని అరిచారు. మూడోదానికి చెవుల్లో ప్లగ్స్ తీసేశారు. నేను స్టేజీ చూడడం మానేసి ఆయన కుడి చెయ్యి చూస్తూ కూర్చున్నాను. మోకాలి మీద తాళం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంత దగ్గరగా చూడడం మళ్లీ నాకు కుదరలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. పెద్ద అరీనాలో మనం చూసేది తెర. చిన్న ఊరి హాకీ హాల్లో ఆఖరి వరసకి కూడా పియర్ట్ మణికట్టు తిరగడం కనిపించింది. కెనడాలో రాక్ షో చూడాల్సింది అలాంటి చోట్లే. ఈ బ్యాండే ఒకప్పుడు ఒంటారియో హైస్కూళ్లలో, బార్లలో వాయించి పైకొచ్చింది. గెడ్డీ లీ తల్లిదండ్రులు నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడి టొరంటో చేరినవాళ్లు, లైఫ్‌సన్ తల్లిదండ్రులు సెర్బియా నుంచి వచ్చినవాళ్లు. మనలాంటి వలస కుటుంబాల పిల్లలే. వాళ్లు ఇప్పుడు పెద్ద ఊళ్లలో కూర్చుని "మీరే రండి" అంటే కోపం రాదు గానీ కాస్త గుచ్చుకుంటుంది.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? తెలుగు సినిమా సంగీత దర్శకుల "ఉత్తర అమెరికా టూర్" పోస్టర్ చూడండి. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా, అదృష్టం బాగుంటే టొరంటో. కాల్గరీలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఒక్కడూ రాడు. వస్తే పులిహోర కూడా పెడతాం.

ద ట్రాజికల్లీ హిప్ అనే ఇంకో కెనడా రాక్ బ్యాండ్ సంగతి చెప్పి ఆపుతాను. వాళ్ల గాయకుడు గార్డ్ డౌనీకి మెదడులో నయం కాని క్యాన్సర్ అని తేలాక కూడా, 2016లో ఆ బ్యాండ్ విక్టోరియాలో మొదలుపెట్టి ఆగస్టు 20న సొంతూరు కింగ్‌స్టన్‌లో ముగిసేలా ఆఖరి టూర్ చేసింది. అమెరికాలో ఒక్క షో లేదు. ఆఖరి షోని కెనడా ప్రభుత్వ టీవీ సీబీసీ దేశమంతా చూపించింది. ఊరూరా పార్కుల్లో తెరలు కట్టుకుని చూశారు. కాబట్టి దూరాలు, డాలరు, లారీలు అన్నీ నిజమే, కానీ ఆడాలనుకుంటే ఆడొచ్చు. ఇంతసేపూ నేను చెప్పినదాన్ని నేనే కొట్టేసుకుంటున్నానని తెలుసు.

నీల్ పియర్ట్‌తో రష్ ఆఖరి షో 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ ఫోరంలో జరిగింది. 2020 జనవరిలో నీల్ పియర్ట్ పోయాడన్న వార్త వచ్చినప్పుడు అమలాపురానికి ఫోన్ చేశాను. నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చెయ్యి ఎంత తేలిగ్గా పడేదిరా" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు ఆ స్థానంలో జర్మనీకి చెందిన అనికా నిల్లెస్ వాయిస్తోంది. 2022లో గిటారిస్టు జెఫ్ బెక్‌తో టూర్ చేసిన అమ్మాయి. టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజు గంటన్నర ఆన్‌లైన్ క్యూలో కూర్చుని ఆగస్టు నెల టొరంటో షోకి ఒకటి కొన్నాను. ధర చెబితే మా ఆవిడ చదివేస్తుంది, వద్దు. ఆ సాయంత్రమే అనికా వీడియో ఒకటి నాన్నగారికి వాట్సాప్‌లో పంపాను. మోకాళ్ల నొప్పులు, ఇక విమానం ఎక్కలేరు. మర్నాడు పొద్దున్న ఫోన్ చేశారు.

"ఆ అమ్మాయికి ఎడమ చెయ్యి బాగుందిరా. ఏ ఊళ్లో చూస్తున్నావు?"

"టొరంటోలో నాన్నా. ఇక్కణ్ణుంచి విమానంలో నాలుగు గంటలు."

"అంత దూరం ఎందుకు? ఆ ఆవచేల దారిలో ఊరుంది కదా, అక్కడ లేదా?"